ముఖం మార్చిన రాయి

వజ్రం కొనే ముందు మా అత్తవారింట్లో అందరూ ఎవరి కలలు వాళ్ళు పరీక్షించుకున్నారు. రాయిని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

గూడెం కొండల్లో పితూరీ అణిగిపోయిన రెండో ఏడు అది. అరకులో నూనెగింజల పంట వలిసెలు పూతకొచ్చి, కొండవాలు పొలాలన్నీ పసుపు ఆరబోసినట్టు ఉన్నాయి. మా మామగారు పైడయ్యగారు దిగువ నుంచి కొండెక్కి అక్కడ వ్యాపారం పెట్టుకున్న మనిషి. కొండవాళ్ళు పండించిన వలిసెలు, చింతపండు, పిప్పళ్ళు తూచి తీసుకుని బళ్ళ మీద విజయనగరం పంపేవారు. మా ఆయన సూర్యనారాయణ తూకం దగ్గర కూచుని చీటీలు రాసేవారు. నాకు పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. ఆ ఇంట్లో నా గురించి ఏ మాట మొదలైనా అక్కడికే వచ్చి ఆగేది.

శుక్రుడు బలంగా లేకపోతే కడుపు పండదనీ, శుక్రుడి రాయి వజ్రం గనక దాన్ని కోడలి ముక్కుకు పెట్టాలనీ ఎవరో సిద్ధాంతి మా అత్తగారు అప్పలనర్సమ్మగారికి చెప్పాడు. ఆవిడ ఏడాది పాటు మామగారి చెవిలో అదే పోరు పెట్టారు. వలిసెల బేరం కలిసొచ్చిన ఏడు మామగారు సరేనన్నారు.

వానలు వెలిశాక కొండగెడ్డల ఇసకలో దొరికే రంగురాళ్ళు ఏరుకుపోవడానికి రామారావు అనే రాళ్ళ వర్తకుడు ఏటా వచ్చేవాడు. తెల్లటి తలపాగా, మెత్తటి మాట. ఆశ్వయుజ పున్నమి మర్నాడు మా అరుగు మీద కూచుని, మడతలు మడతలుగా ఉన్న కాగితం పొట్లం విప్పి, ఒంటిరాయి ముక్కుపుడక తీశాడు. సెనగబద్దంత రాయి. నీళ్ళ బొట్టులా ఉంది.

"రేకు ఏమైనా పెట్టారేటి బాబూ ఎనకాల?" అని మామగారు అడిగారు. నాసిరకం రాళ్ళ వెనక తళుకు రేకు పెట్టి మెరిపిస్తారన్న సంగతి ఆయనకు తెలుసు. తెలుసుననే ధీమా ముఖం మీద కనిపించేది కూడా.

"నన్నలా అడగొచ్చా పైడయ్యగారూ?" అని రామారావు పుడక తిరగేసి చూపించాడు. "రేకు పెట్టేవాడు రాయి కూచునే గూడు మూసేస్తాడు. నాది వెనక తెరిచే ఉంది. దాచేవాడు తెరిచిపెడతాడా?"

మామగారు తృప్తిగా తలూపారు.

"మా కోడలు గుంటకి పడతాదా మరి?" అన్నారు అత్తగారు.

"అది నేను చెప్పేది కాదు తల్లీ. వజ్రం అందరికీ పడదు. ఇక్కడే ఉంచుకోండి. దేవుడి దగ్గర పెట్టి అమావాస్య దాకా చూడండి. కలలు చెడ్డవి వచ్చినా, ఇంట్లో ఏ కీడు జరిగినా, మారు మాట్లాడకుండా తీసుకుపోతాను."

పరాయి ఊరివాడు అంత రాయిని నమ్మి మన ఇంట్లో వదిలి వెళ్తానంటే ఇంక అతన్ని ఎవరు అనుమానిస్తారు? లేచి చెప్పులు వేసుకుంటూ అతను గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట. ఇది జాతిరాయి. మైల తగిలినా, పెట్టుకున్న మనిషిలో లోపం ఉన్నా ముఖం మార్చేస్తుంది. తరవాత నన్ననకండి."

నేను తలుపు చాటున ఉన్నాను. ఉండబట్టలేక అడిగాను. "ముఖం మార్చడం అంటే ఏటండీ?"

అత్తగారు నా వైపు గుడ్లురిమి చూశారు. రామారావు మాత్రం నవ్వాడు. "తెలుపు తగ్గుతుందమ్మా. నీలాంటి ఇల్లాలికి ఆ భయమెందుకు?"

ఆ నవ్వు నాకు బాగా గుర్తు. ఆ రోజు అతను రాయి ఒక్కటే అమ్మలేదు. అది పాడైన రోజున ఎవరిని తిట్టాలో కూడా ముందే చెప్పి, ఆ తిట్టు కూడా మాకే అమ్మేసి వెళ్ళాడు.

ఇంక అమావాస్య దాకా ఇంట్లో సాగింది చూడాలి. పసుపుగుడ్డలో కట్టిన పుడక దేవుడి పీట మీద ఉంది. పొద్దున్న లేస్తూనే మామగారు ఒక్కొక్కరినీ పిలిచి కల అడిగేవారు. అత్తగారికి తెల్లావు కనిపించింది. మంచిదే. మామగారికి ఏరు కనిపించింది. నీళ్ళు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా అన్నది ఆయనకు గుర్తులేదు. తేటగానే ఉండుంటాయని అత్తగారు తేల్చారు. మా ఆయనకు ఏ కలా రాలేదు.

"ఏటా నిద్ర, దున్నపోతులాగ! ఇంట్లో రాయుంటే కలైనా రాదేటిరా నీకు?" అని అత్తగారు కొడుకుని తిట్టారు.

ఆ రోజుల్లోనే బండెద్దు ఒకటి కుంటింది. అది కీడా కాదా అని భోజనాల దగ్గర పెద్ద చర్చ జరిగింది. ఎద్దు ఘాటీ దారిలో రాయి తొక్కింది గాని ఇంట్లో రాయి వల్ల కుంటలేదని మామగారు తీర్పు చెప్పారు.

ఒక రోజు దీపం పెట్టడానికి వెళ్ళి, పసుపుగుడ్డ మీద చెయ్యి వేశాను. ఎండలోకి తీసుకెళ్ళి ఒకసారి చూడాలనిపించింది. అత్తగారు వంటింట్లోంచి కేకేశారు.

"ఏటి సేత్తన్నావక్కడ? పరీచ్చకెట్టిన రాయిని ముడతారేటి? ఒగ్గేయ్!"

వదిలేశాను. నేను దేవుణ్ణి నమ్మిన మనిషిని. ఆ రోజూ నమ్మాను, ఈ రోజూ నమ్ముతాను. సోమవారాలు ఉపవాసం మాన్లేదు, దీపం మాన్లేదు. కాని దీపం ముందు నిలబడి ఒకటి అనుకున్నాను. స్వామీ, చూసుకోమని నువ్వు కళ్ళిచ్చావు. కళ్ళు మూసుకుని కలలో చూసుకోమని చెప్పింది ఎవరు?

అమావాస్య వెళ్ళింది. ఇంట్లో ఎవరికీ జ్వరం రాలేదు, ఆవు ఈనింది. రాయి పడిందన్నారు. రామారావు వచ్చి సొమ్ము తీసుకుని, అటునుంచి అటే దిగువకు వెళ్ళిపోయాడు. దీపావళి మర్నాడు అత్తగారు తన చేత్తోనే నా ముక్కుకు పుడక పెట్టి, నుదుట కుంకం దిద్దారు. ఆ ఇంటికి వచ్చాక ఆవిడ నన్ను అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

ఆ శుక్రవారం సంతకు గాసి వచ్చాడు. కొన్ని కొండపల్లెలు కలిస్తే ఒక ముఠా; పక్క ముఠాకు అతను పెద్ద. ఆ ముఠాలో పల్లెలన్నిటి వలిసెలూ అతని మాట మీదే మా తూకానికి వచ్చేవి. నల్లగా, నిటారుగా ఉండేవాడు. చెవులకు బంగారు పోగులుండేవి. నేను మజ్జిగ తెచ్చిస్తే లోటా పుచ్చుకుంటూ నా ముఖం చూసి ఫక్కున నవ్వాడు.

"సావుకారీ! నీ కోడలి ముక్కు మీద సుక్క పొడిసిందేటి పట్టపగలు?"

"వజ్రమయ్యా అది. నీకేటి తెల్సు," అన్నారు మామగారు గర్వంగా.

"నాకు తెల్దు. నా సెవికి తెల్సు, అది కావాలంటన్నాది. అలాటి తెల్లరాయి ఒకటి నాకూ సూడు. ఈ ఏటి పంట ఎలాగూ నీదే గదా."

"సూత్తాన్లే."

"సూత్తానంటే రెండేళ్ళు సూత్తావు. నీ సంగతి నాకు తెల్దా?" అని గాసి మజ్జిగ తాగేసి, నవ్వుకుంటూ పోయాడు.

కార్తీకమంతా తెల్లారకుండానే చన్నీళ్ళ స్నానాలు. సోమవారం సోమవారం కుంకుడుకాయతో తలస్నానం. ఆ మంచుకి ముక్కు కారని రోజు లేదు. నెలాఖరున ఒక పొద్దున్న అరుగు మీద ముగ్గు పెట్టి తలెత్తాను. ఎదురుగా అత్తగారు నిలబడి ఉన్నారు. ఆవిడ నా ముక్కు వైపు వేలు చూపించారు.

"ఓలమ్మో! సూడండర్రా! రాయి మొకం మార్సేసింది!"

మామగారు వచ్చారు. నన్ను ఎండలోకి నడిపించి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పశువు పళ్ళు చూసినట్టు చూశారు. రాయి చిక్కటి నేతిరంగుకు తిరిగింది. చాలాకాలం వాడిన జందెం దారంలా ఉంది.

"ముట్టులో ముట్టుకున్నావా? నిజం సెప్పు," అన్నారు అత్తగారు.

"ముక్కునున్నదాన్ని ముట్టుకోకుండా ఎలాగత్తా? తియ్యొద్దని మీరే అన్నారు గదా."

"ఉంచుకోమంటే ఉంచుకున్నావు. మరి మనసెలాగుంచుకున్నావు?"



"రామారావు ముందే సెప్పాడు," అన్నారు మామగారు. "మనిసిలో లోపముంటే మొకం మారుత్తాదన్నాడు. ముందే సెప్పినోడిని ఏటంటాం?"

ముందే చెప్పాడు. రెండు రోజుల పాటు ఇంట్లో ఈ మాటే. నాలుగేళ్ళుగా పిల్లలెందుకు పుట్టలేదో వాళ్ళకు ఇప్పుడు తెలిసిపోయింది. రాయే సాక్ష్యం చెప్పింది. అత్తగారి తమ్ముడికి పెళ్ళీడు కూతురుంది. ఆ పిల్ల పేరు భోజనాల దగ్గర వినబడింది. దిగువకు పోయే బండివాడి చేత, కూతుర్ని తీసుకుపొమ్మని మా నాన్నకు కబురు పంపారు. మా ఆయన కంచంలో అన్నం కెలుకుతూ కూచున్నారు.

వాళ్ళ మీద కోపం ఒక ఎత్తు. ఆ రెండు రోజులూ నాలో ఏ లోపం ఉందోనని నేనే వెతుక్కున్నానే, అది తలుచుకుంటే వచ్చే కోపం ఇంకో ఎత్తు. ఏ సోమవారం మడి చెడిందో, ఏ రోజు ఎవరి మీద మనసులో విసుక్కున్నానో లెక్కలు తీశాను. ఒక మోసగాడి మాట నా పూజలోకి వచ్చి కూచుంది.

"అది తీసేసి సుబ్బరంగా కడిగి ఇటియ్యి. దేవుడి కాడ పెట్టాల," అన్నారు అత్తగారు మూడో పొద్దున.

పెరట్లో కూచుని, ఇత్తడి గిన్నెలో వేడినీళ్ళు, కుంకుడు పులుసు పోసి పుడకను నానబెట్టాను. చీపురుపుల్ల చివర పాతచీర పీలిక చుట్టి, గూడు లోపల రాయి అంచు చుట్టూ తుడిచాను. పీలిక బయటికి తీస్తే దాని కొసన ఊదారంగు.

మొదట నాకు అర్థం కాలేదు. ఇంకోసారి తుడిచాను. ఇంకాస్త ఊదారంగు వచ్చింది. ఆ రంగు నాకు కొత్త కాదు. మా ఆయన నాలుక మీద రోజూ చూసే రంగు. తూకం దగ్గర చీటీలు రాయడానికి ఆయనకు కాపీయింగు పెన్సిలు ఇచ్చారు. దాని మొన నాలుక మీద తడిపి రాస్తే ఊదాగా పడుతుంది, కాగితం మీద చెరిపితే పోదు. సంతరోజున ఆయన పెదవి నేరేడుపళ్ళు తిన్నట్టుండేది.

తెల్లబట్టలకు నీలిమందు ఎందుకు పెడతామో ప్రతి ఇల్లాలికీ తెలుసు. పసుపుచార మీద కాస్త నీలి పడితే ఆ పసుపు కంటికి ఆనదు. రామారావు చేసింది అదే. పసుపురాయి అంచుకి వెనకనుంచి ఊదా పూసి, పైన పల్చగా లక్కలాంటిదేదో పట్టించాడు. అందుకే కొన్నాళ్ళు నిలిచింది. పొయ్యి సెగకీ, కుంకుడుకీ, నా జలుబుకీ కరిగిపోయింది. గూడు వెనక తెరిచి ఉంచింది నిజాయితీ చూపించడానికి కాదు. తెరిచి ఉంటేనే పూత వెయ్యడానికి వీలు.

అప్పుడు వెళ్ళి చెబితే, మైల తగిలిన రాయి రంగు కక్కిందంటారు. నాన్న వచ్చే దాకా ఆగాను.

నాన్న పేరు అప్పలస్వామి. లక్కవరపుకోట దగ్గర చెరకు పండించుకునే మనిషి. బండి కట్టుకుని ఘాటీ ఎక్కి వచ్చి, దుమ్ము కాళ్ళతో అరుగు చివర ఒదిగి కూచున్నాడు. అత్తగారు నా లోపాలన్నీ మొదటినుంచి చెప్పుకొచ్చారు. నాన్న తల వంచుకుని "అలగా, అలగా" అంటున్నాడు. ఆ "అలగా" నాకు ములుకులా గుచ్చుకుంది.

నేను లోపలికి వెళ్ళి పుడక, నీళ్ళ గిన్నె, మా ఆయన పెన్సిలు తెచ్చి అరుగు మీద పెట్టాను.

"నాన్నా, ఇలా సూడు. మావా, మీరూ సూడండి."

పెన్సిలు మొన తడిపి, రాయి వెనక అంచు చుట్టూ మెల్లగా తిప్పి, వేలికొసతో సాపు చేశాను. తిరగేసి ఎండలో పట్టుకున్నాను. రాయి తెల్లగా, నీళ్ళ బొట్టులా మెరిసింది. అందరూ ముందుకు వంగారు. నేను దాన్ని గిన్నెలో ముంచి, పీలికతో తుడిచి మళ్ళీ చూపించాను. నేతిరంగు.

"ఇప్పుడు దీనికి ఏ మైల తగిలిందత్తా?"

మొదట అత్తగారే తేరుకున్నారు. "మరి అమాస దాకా కలలన్నీ మంచియే వచ్చాయి గదే?"

నాన్నకు నవ్వొచ్చింది. దగ్గినట్టు చేశాడు.

మామగారు మాత్రం నవ్వలేదు. రామారావును తిడతారనుకున్నాను. నన్ను అన్న మాటలకు నొచ్చుకుంటారనుకున్నాను. ఆయన పుడక చేతిలోకి తీసుకుని ఒకసారి రాయినీ, ఒకసారి పెన్సిలునూ చూశారు. తరవాత రెండూ నా ముందుకు జరిపారు.

"మళ్ళీ ఎయ్యి."

"ఎందుకు మావా?"

"గాసి తెల్లరాయి అడగనేదేటి? సెవి పోగుకి బిగించి ఇచ్చీద్దాం. రాయి కరీదు కింద పంట మొత్తం మన తూకానికే వత్తాది. నీ సెయ్యి సన్నం, గీత కానరాకండా ఏసావు."

అత్తగారి ముఖం ఇట్టే మారిపోయింది. దగ్గరికి వచ్చి నా తల నిమిరారు. "నా కోడలికి ఎంత తెలివి! సూరికి మారుమనువని ఎవులన్నారు? నేనన్నానేటి? అన్నయ్యా, నువ్వు కాళ్ళు కడుక్కో. గుంట ఇక్కడే ఉంటాది."

రెండు నిమిషాల ముందు నాకు ఆ ఇంట్లో చోటు లేదు. ఇప్పుడు ఉంది. ఆ చోటు ఆ పెన్సిలు మొన అంత ఉంది.

"నేనెయ్యను మావా," అన్నాను.

"ఏటి?"

"మనల్ని మోసం సేసినోడు ఎలాటోడో మనమూ అలాటోళ్ళమేటి? అప్పన్నస్వామి అంతటివాడు ఏడాదికొక్కసారి గంధం ఒలిపించుకుని ఉన్న రూపం సూపిత్తాడు. గాసికి మనం లేని రూపం సూపించాలా?"

"అప్పన్న కొండమీద దేవుడు. ఇది సంత. బేగి ఎయ్యి."

"నా సేత కాదు."

"అయితే నీ బాబుతో ఎల్లు."

అప్పుడు మా ఆయన వైపు చూశాను. ఆయన స్తంభానికి ఆనుకుని, కాలి బొటనవేలితో అరుగు మీద సున్నం గోకుతున్నారు. ఏమైనా అంటారేమోనని కొంచెం సేపు చూశాను. సున్నం పెళ్ళ ఒకటి ఊడి కింద పడింది.

"పద నాన్నా," అన్నాను.

ఘాటీ దిగుతున్నంత సేపూ నాన్న ఎద్దులతోనే మాట్లాడాడు. అనంతగిరి దాటాక వెనక్కి తిరిగాడు.

"ఎల్లిపొమ్మన్న రోజున ఏడిసుంటావు. ఉండమన్న రోజున బండెక్కేసావు. నీ బుర్ర నాకు తెల్దే వరాలూ. రాయి కోసం ఇల్లు ఒగ్గుకుంటారేటి?"

"రాయి కోసం కాదు నాన్నా."

"మరెందుకు?"

"ఇవేళ గాసి. రేపు ఇంకోడు. ఆ పని నా సెయ్యే సెయ్యాల. ఎయ్యనన్న రోజున మళ్ళీ నాలో లోపం ఉంటాది."

నాన్న తన కంబళి తీసి నా మీద కప్పాడు.

మార్గశిరం గడిచింది. పై నుంచి వచ్చే బళ్ళవాళ్ళు వలిసెల కోతలు అయిపోయాయని చెప్పారు. ఊరి ఆడవాళ్ళు ఏదో పని మీద వచ్చినట్టు వచ్చి, నా ఖాళీ ముక్కు చూసి వెళ్ళేవాళ్ళు. ఒకావిడ మా అమ్మతో, "అల్లుడికి మారుమనువు ఎప్పుడటమ్మా?" అని నా ఎదుటే అడిగింది. దీపం పెట్టేటప్పుడు నాకు మంత్రం కన్నా ముందు కోపం గుర్తొచ్చేది. దేవుడి ముందు కోపంగా నిలబడవచ్చా అని సంకోచించేదాన్ని. తరవాత, ఆయన ముందు కాకపోతే ఇంకెవరి ముందు నిలబడతానని అలాగే నిలబడేదాన్ని.

పుష్యమాసంలో, ఊళ్ళో చెరకు గానుగలు తిరుగుతుండగా, మా ఆయన వచ్చారు. నాన్న గానుగ దగ్గర ఉన్నాడు. నేను కాళ్ళకు నీళ్ళిచ్చి, ఆకు వేశాను.

"అమ్మ రమ్మంది," అన్నారు. "మారుమనువు మాట నేదింక."

"రాయేటైంది?"

ఆయన ముద్ద కలిపి, మళ్ళీ విడగొట్టారు.

"గాసికిచ్చేసారా?"

"నాన్న ఇచ్చేసాడు. పోగుకి బిగించి."

"రంగేసింది ఎవులు?"

ఆయన తలెత్తలేదు. "నాన్న సెయ్యి మోటు. గీతలడిపోతన్నాయి..."

"అందుకని మీరేసారు."

"ఏటి సెయ్యమంటావు? ఎయ్యకపోతే సంపేత్తాడు."

"నన్ను పంపేసినప్పుడు స్తంభం పట్టుకున్నారు. రంగెయ్యమంటే పెన్సిలు పట్టుకున్నారు. మీ సేతులకి ఎప్పుడూ ఏదో దొరుకుతాది." నా గొంతు పెరుగుతోందని నాకు తెలుసు. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉందనీ తెలుసు. "నాను రాను. ముందు గాసి కాడికెల్లి, ఇది పసుపురాయి, రంగు నానే ఏసానని మీ నోటితో సెప్పండి. అప్పుడు రండి."

"అతగాడు నన్ను నరికేత్తే?"

"మీ నాన్న సంపేత్తాడు, గాసి నరికేత్తాడు. మరి నాను ఏ దిక్కున పడుండాల? పెరుగు ఏసుకోండి."

పెరుగు వేసుకోకుండానే లేచి వెళ్ళిపోయారు. అమ్మ నన్ను చెడామడా తిట్టింది. మొగుణ్ణి ఆకు ముందు నుంచి లేపిన ఆడదాన్ని తను ఎక్కడా చూడలేదంది. నిజమే, అది నాకూ నచ్చలేదు. కాని వెనక్కి పిలవలేదు.

మళ్ళీ వచ్చే సరికి మూడు సంతలు గడిచిపోయాయి. ఈసారి భుజాన మూట ఉంది. గానుగ దగ్గర నుంచి నాన్న, ఆయన కలిసే వచ్చారు. మనిషి చిక్కిపోయారు. నేను అరుగు మీద చెరకు పిప్పి ఆరబెడుతున్నాను.

"సెప్పేసాను," అన్నారు నిలబడే.

"ఏటన్నాడు?"

"ముందు నమ్మనేదు. పోగు తీసి నానే కడిగి సూపించాను. కొట్టేత్తాడనుకున్నాను. కొట్టనేదు. 'పసుపురాయని సెప్తే పసుపురాయనే కొనీవోడిని గదరా, అబద్దమెందుకు మీకు?' అన్నాడు. అని, కడిగిన రాయినే మళ్ళీ సెవికెట్టుకున్నాడు."

"ఎట్టుకున్నాడా?"

"ఎట్టుకుని శుక్రారం సంతకొచ్చాడు. కనబడినోడికల్లా సెవి సూపించి, 'ఇది పైడయ్య సావుకారి తెల్లరాయి, సూడండర్రా' అంటన్నాడు. సంతంతా ఒకటే నవ్వు. వొచ్చే పంట ఆ ముఠాలో ఒక్క గింజ మన తూకానికి రాదంట."

నాన్న తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు.

"మీ ఇంట్లో ఏటన్నారు?" అన్నాను.

"నాన్న గుమ్మంలోకి రానివ్వనేదు. మూట ఈదిలోకి ఇసిరేసాడు." ఆయన భుజాన మూట అరుగు మీద దించారు. "అమ్మ అంటన్నాది... ఆ రాయి మనింటికి పడనేదని."

ఇంత జరిగాక కూడా ఆ ఇంట్లో తప్పు రాయిదే, దాన్ని పెట్టుకున్నదానిదే. నాకు నవ్వు రాలేదు. చేతిలో పిప్పి కట్ట ఉంది, దాన్ని అరుగుకేసి కొట్టాను.

నాన్న మా ఇద్దరి మధ్యా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "బాబూ, గానుగ కాడ మనుసులు సాలటం నేదు. రాయడం కాదు మరి. మొయ్యాల."

"మోత్తాను," అన్నారు మా ఆయన.

"పాకం కాడ ఒళ్ళు కాల్తాది."

"కాలనీ."

"అయితే కాళ్ళు కడుక్కో."

నేను లోపలికి వెళ్ళి ఆకు వేశాను. అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించాను. ఆయన నాలుగు ముద్దలు ఆవురావురుమని తిని, అప్పుడు తలెత్తి చూశారు.

"కోపం పోయిందా?"

"నేదు," అన్నాను. "తినండి."